ఆవిడ గాల్లోంచి దిగింది, మీరు ఆటోలోంచి దిగుతారు: తెనాలిలో ఒక కుట్టు కొట్టు

తెనాలి బోసు రోడ్డు నుంచి పక్కకు చీలే సన్నటి సందుల్లో ఒకదానిలో, మ్యాచింగ్ సెంటరుకీ గాజుల దుకాణానికీ నడుమ, రెండు కుట్టు మిషన్లూ ఒక కటింగు బల్లా తప్ప మరేదీ పట్టని ఆడవారి కుట్టు కొట్టు ఒకటి ఉంది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి, పేరు చదవడానికి వీలు లేకుండా పోయి చాలా కాలమయింది కనుక, ఊళ్ళో అందరూ దానిని మాస్టారి కొట్టు అనే అంటారు. దీని గురించి రాస్తానని చెప్పినప్పుడు, రాసుకోండి గాని పేరు మాత్రం వేయకండి, ఉన్న గిరాకీకే సమయం చాలడం లేదు అన్నారు మాస్టారు. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదని 2025 మే నెలలో నాకు బాగానే తెలిసివచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఉద్యోగరీత్యా గుంటూరులో ఉంటున్నా, జాకెట్లు మాత్రం బస్సెక్కి వచ్చి ఇక్కడే కుట్టించుకుంటాను. 1997లో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు అమ్మ వెంట మొదటిసారి ఈ కొట్టు మెట్లెక్కాను. ఈమధ్య కాలంలో నాకు ఐదు జాకెట్లు, అమ్మకు రెండు, మా అమ్మాయికి ఒక లంగా ఓణీ కుట్టించాను. కుట్టుపని బాగుండే కొట్లు గుంటూరులోనూ లేకపోలేదు. అయినా ఇంత దూరం రావడానికి కారణం ఒక్కటే: తెరమీద ఎవరినో చూసి మనసులో ఒక ఊహ పెట్టుకుని వచ్చిన ఆడమనిషికి, ఆ ఊహను నవ్వులపాలు చేయకుండా, ఉన్న ఒంటికీ చేసే పనికీ సరిపడేట్టు ఎలా కత్తిరించి ఇవ్వాలో ఈ కొట్టుకు తెలుసు.

కటింగు బల్ల వెనక గోడ మీద, విజయచిత్ర, జ్యోతిచిత్ర, సితార పత్రికల నుంచి కత్తిరించి అద్దాలు కట్టించిన తారల బొమ్మలు వరసగా ఉంటాయి. ఆ వరస సావిత్రితో మొదలై, జమున, వాణిశ్రీ, శారద, జయసుధ, జయప్రద, శ్రీదేవి, భానుప్రియల మీదుగా వచ్చి సౌందర్య దగ్గర ఆగిపోతుంది. శారద బొమ్మ మిగతావాటికంటే పెద్దది, ఎందుకంటే ఆవిడ తెనాలి ఆడపడుచు; ఆవిడకు మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చిన సంగతిని మాస్టారు సొంత మేనత్త గురించి చెప్పినంత ధీమాగా చెబుతారు. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’ నాయిక కాంచనమాలది కూడా తెనాలి ప్రాంతమేననీ, మంచి బొమ్మ దొరకకపోవడం వల్లనే ఆవిడ గోడకెక్కలేదనీ అడగకుండానే వివరణ ఇస్తారు. సౌందర్య బొమ్మను 2004 ఏప్రిల్‌లో, ఆమె బెంగళూరు దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయిన వారంలోనే తగిలించారట. ఆ ఒక్క అద్దం మీద, ఎవరు పెట్టారో గాని, చిన్న కుంకుమ బొట్టు ఉంటుంది. ఆ తర్వాత గోడకు కొత్త బొమ్మ రాలేదు. గిరాకీలు తమ తారలను ఫోన్లలో వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టాక, పత్రిక కొని కత్తిరించే పని మాస్టారికి లేకుండా పోయింది.

గోడ కంటే చూడవలసింది కొలతల పుస్తకం. శెట్టిగారి కొట్లో ఉండే పొడుగు ఖాతా పుస్తకం లాంటిదే. మనిషికి ఒక పేజీ. 1997 నాటి నా పేజీ చూపించమని అడిగితే, కోడలిని అటక ఎక్కించి, మూట విప్పించి, పది నిమిషాలు వెతికించి తీశారు. పొడవు 13½, ఛాతీ 32, భుజం 13, చేతి పొడవు 8, చేతి లూజు 10 అని నిలువునా అంకెలు. వాటి కింద నీలం సిరాతో ‘సౌందర్య మెడ, వెనక 5’ అన్న మాట. దాని పక్కన గుండుసూదితో గుచ్చిన వంగపండు రంగు గుడ్డ పీలిక. సూది తుప్పు పట్టి, గుడ్డ మీద గోధుమరంగు మచ్చ దిగింది. ఆ జాకెట్టు ఎప్పుడో స్టీలు సామాన్ల మనిషి మూటలోకి పోయింది గాని, పీలికను చూడగానే దానితో పాటు నడిచిన నడక మొత్తం గుర్తుకొచ్చింది. ఆ జాకెట్టు మీద ఓణీ వేసుకుని కాలవగట్టు వెంట కాలేజీకి వెళుతున్నప్పుడు, ఎదురుగా ఎవరో కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నారని ఊహించుకునేదాన్ని. ఓణీ చెంగు ఎగరడం కోసం, గాలి బాగా తగిలే మలుపు దగ్గర కావాలనే అడుగు నెమ్మది చేసేదాన్ని. గాలి వీచిన మాట నిజమే గాని, దానితో పాటు కాలవలో కుళ్ళిన గుర్రపుడెక్క వాసన కూడా వచ్చేది.

ఈ కొట్టులో తారల పేర్లు మూరా జానా లాంటివి. వాణిశ్రీ చేతులు అంటే మోచేతికి రెండు వేళ్ళు పైన ఆగే చేతులు. జయప్రద మెడ అంటే ముందు గుండ్రంగా, వెనక కుండ ఆకారంలో తీసిన మెడ. సౌందర్య మెడ అంటే ముందూ వెనకా పెద్దగా దిగకుండా, పెద్దవాళ్ళు వంక పెట్టలేని మెడ. ఆ తారలు నిజంగా ఆ కొలతలే పెట్టుకున్నారా అన్నది వేరే సంగతి. ఒక్కొక్కరూ సినిమాకో తీరు జాకెట్టు వేసినవారే. ఎప్పుడో ఏదో ఒక పాటలో చూసి ఎవరో ఒక గిరాకీ అడిగితే, ఆ అడిగిన మాటే పేరుగా స్థిరపడింది. అమ్మ పేజీలో ఇప్పటికీ వాణిశ్రీ చేతులే. 1971లో ‘ప్రేమనగర్’ వచ్చే నాటికి అమ్మకు పదిహేనేళ్ళు. అప్పుడు ఈ కొట్లో కత్తెర పట్టింది మాస్టారి తండ్రి. వాణిశ్రీ కొప్పు కోసం లోపల సవరాలు కుక్కి, పిన్నులు గుచ్చుకుంటుంటే నెత్తి సలుపుతున్నా పెళ్ళిపందిట్లో చెదరకుండా కూర్చున్న అక్కచెల్లెళ్ళ కథలు అమ్మ దగ్గర చాలా ఉన్నాయి. కొప్పు పోయింది, జుట్టూ పలచబడింది, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

మగవాళ్ళ అభిమానం ఊరంతటికీ కనబడుతుంది. ఫ్లెక్సీలు కడతారు, కటౌట్లకు పాలు పోస్తారు, హాల్లో కాగితాలు చించి ఎగరేస్తారు, మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుని బండి మీద తిరుగుతారు. సూపర్‌స్టార్ కృష్ణ పుట్టిన బుర్రిపాలెం పక్కనే ఉన్న ఊరిలో, నాయకులకూ నటులకూ విగ్రహాలు చేసిపెట్టే శిల్పులకు పేరుపడ్డ ఊరిలో, ఆ సంబరానికి లోటేముంటుంది? ఆడవాళ్ళ అభిమానానికి ఫ్లెక్సీ లేదు, సంఘం లేదు, అధ్యక్ష కార్యదర్శులు లేరు. అది జాకెట్టు వెనక మెడలోనూ, బొట్టు ఆకారంలోనూ, ఒక పాటలో చూసిన చీర రంగును పదేళ్ళపాటు వెతుక్కోవడంలోనూ దాగి ఉంటుంది; పక్కింటివారికి కూడా తెలియదు. తెలిసేది కుట్టేవాడికి. ఈ సందులోని ఖాతా పుస్తకాలను వరసగా తిరగేస్తే, మా ఊరి ఆడవాళ్ళు ఏ ఏడాది ఎవరిలా ఉండాలనుకున్నారో నెలల లెక్కన చెప్పవచ్చు. ఉదాహరణకు, 2018 వేసవిలో ‘మహానటి’ వచ్చిన తర్వాత నాలుగు నెలల పేజీల్లో వరసగా సావిత్రి పేరే కనబడుతుంది. ఆ చిత్రానికి దుస్తులు సమకూర్చిన గౌరంగ్ షా, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మెడకు దగ్గరగా ఉండి, చేతులు మోచేతి దాకా దిగే జాకెట్టు అడుగుతూ కాలేజీ పిల్లలు వచ్చినప్పుడు, మాస్టారు నాన్నగారి నాటి కాగితం నమూనాలను దులిపి బయటకు తీశారట. మూడు తరాల తర్వాత కూడా వాటిని మార్చవలసింది ఒక్క చంక దగ్గరే వచ్చిందని ఆయన అన్నారు. ఇప్పటి పిల్లలు స్కూటీ నడుపుతారు కనుక.

ఇక పనితనం. ఫోనులో బొమ్మ చూపించిన ప్రతి గిరాకీనీ మాస్టారు ఒకే మాట అడుగుతారు: ఇందులో ఏది? మెడైతే మెడ, చెయ్యైతే చెయ్యి, రంగైతే రంగు. ఒక బొమ్మలోంచి ఒక్కటే తీసుకోవాలన్నది ఆయన నియమం. మొదట్లో ఇది పని తప్పించుకునే ఎత్తు అనుకున్నాను. మూడు నాలుగు జాకెట్ల తర్వాత గాని ఆ నియమంలోని ఒడుపు బోధపడలేదు. తెరమీది జాకెట్టు ఒకే మనిషి కోసం, ఒకే భంగిమ కోసం కుట్టినది. వెనక పిన్నులతో బిగించినా, కూర్చుంటే ఊపిరాడకపోయినా, మనకు కనబడదు. బోట్ నెక్‌నూ, బుట్ట చేతులనూ, వెనక లోతు మెడనూ ఒకే జాకెట్టులో పెడితే, బుట్ట బరువుకు భుజం కిందికి జారుతుంది, జారిన భుజాన్ని పట్టి ఉంచడానికి వెనక గుడ్డ ఉండదు, డోరీ కడితే ముందు మెడ పైకి లేస్తుంది. ఒకదాన్ని ఉంచి మిగతా రెండిటినీ ఒంటికి తగ్గట్టు సర్దితే జాకెట్టు నిలబడుతుంది. బుట్ట చెయ్యి కోసం మామూలు చేతికంటే బాగా ఎక్కువ గుడ్డ తీసుకుని, చంక చుట్టూ కాకుండా భుజం మీది నాలుగంగుళాల్లోనే మడతలన్నీ ఇమిడ్చి, లోపల చిన్న బక్రం ముక్క పెట్టి నిలబెట్టడం ఆయన పద్ధతి. అందువల్ల అది ఉతికిన తర్వాత కూడా చల్లారిన పూరీలా చప్పబడదు.

అన్నిటికంటే నాకు నచ్చేది కొలత తీసే తీరు. ఆది జాకెట్టు తెచ్చినా సరే, దాని మీద మాత్రమే ఆధారపడరు. ఏం పని చేస్తారని అడుగుతారు. నేను పాఠాలు చెబుతానన్నాను. అయితే బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తండి అన్నారు. ఎత్తాను. ఇప్పుడు పై వరస చెరపండి అన్నారు. గోడ మీది భానుప్రియ ఎదురుగా, లేని బోర్డును చెరుపుతూ నిలబడితే, మాస్టారు దూరంగా ఉండి చెబుతుండగా కోడలు నా చంక నుంచి నడుము దాకా టేపు పెట్టి ఒక అంకె చదివింది; ఆ అంకె ఆది జాకెట్టులో లేదు. అప్పటి నుంచి క్లాసులో చెయ్యెత్తినప్పుడు జాకెట్టు కింది అంచు పైకి పాకడం లేదు. సౌందర్య మెడ పెట్టుకున్న అమ్మాయికి ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమెలా కనబడాలని అందరికీ తెలుసు గాని, అలా కనబడుతూ రోజంతా ఏం చేస్తావన్నది అడిగింది ఈ కొట్టు ఒక్కటే.

ఇప్పుడు మే నెల సంగతి. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. కోస్తాను తుఫాను ముంచెత్తింది కూడా ఆ రోజుల్లోనే. మా ఇంట్లో ఆ రెండూ ఒకే జ్ఞాపకం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, అరటితోటలు నేలకూలి, కరెంటు లేక, గుడ్డి లాంతరు కింద అన్నాలు తిన్న రోజుల తర్వాత, నీళ్ళు తీశాక అమ్మా పిన్నీ నన్ను సినిమాకు తీసుకువెళ్ళారు. హాలు గోడల మీద నీటి గీత ఇంకా తడిగానే ఉంది. ఇంద్రలోకం నుంచి తెల్లటి బట్టల్లో దిగివచ్చిన శ్రీదేవిని చూసి, ఉంగరం దొరికితే నేనూ పైకి వెళ్ళవచ్చునని చాలా రోజులు నమ్మి, బురదలో తవ్వి చూసిన పిల్లను నేను. 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని మళ్ళీ వేసినప్పటి నుంచి పాత సినిమాలకు మళ్ళీ హాళ్ళు దొరుకుతున్నాయి కదా; ఆ వరసలోనే 2025 మే 9న, సరిగ్గా ముప్పై అయిదేళ్ళకు, ఇది కూడా మళ్ళీ వచ్చింది. అమ్మా నేనూ మా అమ్మాయీ ముగ్గురం సాయంత్రం ఆటకు వెళ్ళాలనుకున్నాము. నాకు నలభై నాలుగేళ్ళు వచ్చినా, ఆ రోజు మామూలు చీరలో వెళ్ళడానికి మనసొప్పలేదు.

మంగళగిరి హాఫ్‌వైట్ చీర, సన్నటి జరీ అంచుది, తీసుకుని ఏప్రిల్ నెలలోనే కొట్టుకు వెళ్ళాను. బొమ్మ చూపించాను. ఇందులో ఏది అని అడిగారు. తెలుపు అన్నాను. రెక్కలు అడగలేదు, నయం అన్నారు. మెల్లగా బుట్ట చేతుల ప్రస్తావన తెచ్చాను. మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, అమ్మా, ఆవిడ గాల్లోంచి దిగింది, మీరు ఆటోలోంచి దిగుతారు. తల వంచి దిగేటప్పుడు బుట్ట తలుపు చట్రానికి రాసుకుంటుంది అన్నారు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. చివరకు మోచేతి పైకి ఆగే సాదా చేతులు, చేతి అంచుకు చీరలోంచి తీసిన జరీ పట్టీ, వెనక కొద్దిగా దిగిన గుండ్రటి మెడ అని నిర్ణయమయింది. బుధవారం ఇస్తామన్నారు. అంటే ఆటకు రెండు రోజుల ముందు.

బుధవారం వెళితే గురువారం అన్నారు. గురువారం ఫోను చేస్తే, రేపు మధ్యాహ్నం తప్పకుండా అన్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళేసరికి జాకెట్టు మిషను మీద ఉంది. ఒక చెయ్యి ఎక్కింది, రెండోది బల్ల మీద ఉంది. పెళ్ళిళ్ళ రోజులని మాస్టారి సంజాయిషీ. అయిదున్నరకు చేతులెక్కాయి గాని హుక్కులు లేవు. ఆ పని ఇంటికి తీసుకువెళ్ళి చేసే ఆవిడ రాలేదట. చేసేది లేక నాలుగు పిన్నీసులు అడిగి తీసుకుని, తెర వెనక నిలబడి, కోడలి చేత ముందు పట్టీలు పెట్టించుకుని, ఆటోలో హాలుకు పరుగెత్తాను. రెండున్నర గంటలపాటు ఊపిరి జాగ్రత్తగా పీల్చుకుంటూ కూర్చున్నాను. శ్రీదేవి ఆకాశం నుంచి దిగే దృశ్యానికి హాలంతా లేచి ఈలలు వేస్తుండగా, నేనూ ఆవేశంగా చెయ్యెత్తిన క్షణంలో రెండో పిన్నీసు తెరుచుకుని చురుక్కుమని గుచ్చుకుంది. చెయ్యి మాత్రం హాయిగా లేచింది, చంక దగ్గర ఎక్కడా పట్టలేదు. ఆ నొప్పిలోనూ ఆ సంగతి గమనించాను. విశ్రాంతి సమయంలో అమ్మ తన పైట కొంగు అడ్డం పెట్టి పిన్నీసు సరిచేసింది. మా అమ్మాయికి ఇదంతా సినిమా కంటే బాగా నచ్చింది.

ఇలా ఆలస్యం కావడం ఒక్కసారి జరిగిన పొరపాటు కాదు; అయిదు జాకెట్లలో మూడు చెప్పిన రోజుకు రాలేదు. బట్టకూ ఒంటికీ సంబంధించినంతవరకు అంత శ్రద్ధ ఉన్న మనిషి, తేదీ విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఎలా ఉండగలరో నాకు అంతుపట్టదు. విడుదల రోజు కోసం, పుట్టినరోజు కోసం, ఒకే ఒక్క సాయంత్రం కోసం కుట్టించుకునేవారికి, మరునాడు వచ్చిన జాకెట్టు ఎంత బాగున్నా పాతదే. ఇది కొట్టుకున్న ప్రధాన లోపం, చిన్న లోపమని నేను అనను.

రెండో లోపం మాస్టారి నోరు. నేను అక్కడ ఉన్న ఒక మధ్యాహ్నం, ఇరవై ఏళ్ళ అమ్మాయి వెనకంతా తెరిచి డోరీలు మాత్రమే ఉండే జాకెట్టు అడిగితే, మీకది నప్పదమ్మా అని తేల్చేశారు. నప్పదన్నది కుట్టు గురించిన మాట కాదని ఆ అమ్మాయికీ నాకూ కూడా అర్థమయింది. నా బుట్ట చేతులకు ఆటో చట్రం అడ్డం వస్తుందని చెప్పడం వేరు. అందులో ఒక లెక్క ఉంది. ఇంకొకరి వీపు ఎంత కనబడాలో తాను నిర్ణయించడం వేరు. గోడ మీది తారలందరినీ ఇష్టంగా చూసుకునే మనిషికి, వాళ్ళలో ఎవరూ తమ కాలపు పెద్దవాళ్ళను అడిగి బట్టలు వేసుకోలేదన్న సంగతి గుర్తుండాలి. అదృష్టవశాత్తూ కోడలు ఆ అమ్మాయిని బయటికి తీసుకువెళ్ళి, భుజం దగ్గర పట్టీ కాస్త వెడల్పు చేస్తే జారకుండా నిలుస్తుందని చెప్పి, కొలతలు తానే తీసుకుంది. ఆ కొలత మాత్రం మరో చిన్న పుస్తకంలో రాసుకుంది. ఇకముందు ఈ కొట్టుకు వెళ్ళేవాళ్ళు ఎవరి చేతికి కొలతలివ్వాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

ఈ కొట్టును కాదని, ఇంటికే వచ్చే సరుకును కూడా ఒకసారి చూశాను. ఒక నాయిక కట్టిన చీరేనంటూ, కుట్టిన జాకెట్టుతో సహా, 1,499 రూపాయలకు ఫోనులో తెప్పించాను. బొమ్మలో ఉన్నవన్నీ ఉన్నాయి: బుట్ట, డోరీ, కుచ్చు, తళుకు. వేసుకుంటే ఆ నాయికా కనబడలేదు, నేనూ కనబడలేదు. అంతకంటే చెప్పడానికి అందులో ఏమీ లేదు.

మా అమ్మాయి లంగా ఓణీ సంగతి వేరు. దాని అభిమానమంతా సాయిపల్లవి మీద. మొటిమలను దాచుకోకుండా తెరమీదికి వచ్చిందనీ, తెల్లబరిచే క్రీము ప్రకటన వద్దందనీ చెప్పి, అద్దం ముందు నేను పెట్టమన్న పౌడరు కూడా మానేసిన పిల్ల అది. ఫోనులో పద్నాలుగు బొమ్మలు దాచుకుని వచ్చింది. ఇందులో ఏది అని మాస్టారు మామూలుగానే అడిగారు. పిల్ల అన్ని బొమ్మలూ ముందుకూ వెనక్కూ జరిపి చూసి, రంగు కాదు, మెడ కాదు, తిరిగితే విప్పారాలి, ఆవిడ ఆడినట్టు నేను ఆడగలగాలి అంది. ఆయన మొహంలో మొదటిసారి ఉత్సాహం చూశాను. కుచ్చిళ్ళు పెట్టిన లంగా తిరిగితే గంటలా ఉబ్బుతుంది గాని గొడుగులా విచ్చుకోదనీ, విచ్చుకోవాలంటే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు కలిపి కుట్టాలనీ చెప్పి, పదహారు ముక్కలు లెక్కవేసి, మేము తెచ్చిన గుడ్డ చాలదని మ్యాచింగ్ సెంటరుకు పంపి మరో రెండు మీటర్లు తెప్పించారు. కుట్టిన తర్వాత అంచు మడవకుండా, రెండు రాత్రులు కొక్కేనికి వేలాడదీశారు. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ బరువుకు సాగి, ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా కిందికి దిగుతుంది కనుక, అది దిగవలసినంత దిగాకనే కత్తిరించి అంచు వేయాలట. ఈ ఓపిక రెడీమేడ్ సరుకులో ఎక్కడుంటుంది? కట్టి చూపించడానికి కొట్లో చోటు లేదు. సందులోనే, గాజుల దుకాణం ముందు, పిల్ల ఒకసారి గిర్రున తిరిగింది. గాజులు బేరమాడుతున్న ఇద్దరు వెనక్కు జరిగారు, వీధి కుక్క లేచి వెళ్ళిపోయింది, లంగా చుట్టూ సమంగా విప్పారి నేలకు జానెడు ఎత్తున నిలిచింది. మాస్టారు వంగి అంచు చూసి, ఎడమ పక్కన ఒక్క గీత ఎక్కువైందన్నారు. మళ్ళీ విప్పి సరిచేశారు. పుస్తకంలో పిల్ల పేజీ చూశాను. కొలతల కింద ఏ తార పేరూ లేదు. ‘తిరగాలి’ అని ఉంది.

ధరల విషయానికి వస్తే, లైనింగు లేని నూలు జాకెట్టుకు 250 రూపాయలు, లైనింగుతో 500, ప్రిన్సెస్ కట్‌కు 650 తీసుకున్నారు. డోరీలకూ పైపింగుకూ మరో 50 నుంచి 100. లంగాకు, ఆ పదహారు ముక్కలకూ కలిపి 1,400 అయింది. మగ్గం పని ఇక్కడ చేయరు. చీరలకు ఫాల్సు కుడతారు గాని, అది పక్క సందులో ఇచ్చుకోవడమే నయం. లోపల కుట్టుకు ముప్పావు అంగుళం గుడ్డ తప్పకుండా వదులుతారు, ఒళ్ళు చేసినా రెండేళ్ళు నడుస్తుంది. ఒకటి రెండుసార్లు వదులు చేసినందుకు డబ్బు తీసుకోరు. వేసుకుని చూసుకోవడానికి గది లేదు, మూలన ఒక తెర మాత్రమే ఉంది, దాని కొక్కేల్లో రెండు ఊడిపోయి ఉన్నాయి. చెల్లింపు ఫోనులోనూ చేయవచ్చు. ఆదివారం సెలవు.

శ్రావణానికి కావలసిన వారు ఆషాఢం మొదట్లోనే గుడ్డ ఇచ్చుకోవాలి. మాఘంలోనూ వైశాఖంలోనూ కొత్తవారిని ఎలాగూ తీసుకోరు. కావలసిన తేదీ కంటే వారం ముందు తేదీ చెప్పండి. మీ బొమ్మ చూపించే ముందు అందులో మీకు కావలసిన ఒక్కటీ ఏదో ఇంట్లోనే ఆలోచించుకుని వెళ్ళండి, లేకపోతే మీ వెనక నిలబడినవాళ్ళు విసుక్కుంటారు. డబ్బిచ్చే ముందు మాత్రం జాకెట్టు తిరగేసి, హుక్కులు కుట్టారో లేదో లెక్కపెట్టుకోండి.